లద్దాఖ్ వెళ్లే మేనకోడలికి: బండి బ్యాగుల సంగతి

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగు బ్యాగుల ఫొటోలు చూశాను. ఏది బాగుందో చెప్పమన్నావు. ఫొటోల్లో నాలుగూ బాగానే ఉన్నాయి, బాగోని ఫొటో పెట్టి ఎవడమ్ముతాడు? నేను చూడాలనుకున్నది మాత్రం వాటిలో లేదు. బ్యాగు వెనకవైపు, అంటే బండికి ఆనే వైపు, ఒక్కళ్లూ ఫొటో తీయలేదు.

సీట్ కవర్ల షాపు పెట్టుకున్నాను కదా, టూర్లు తిరిగొచ్చిన కుర్రాళ్లు చిరిగిన బ్యాగులు నా దగ్గరికే పట్టుకొస్తారు. గుడ్డ మధ్యలో చిరిగినవి చాలా తక్కువ. పట్టీ మొదట్లో కుట్టు ఊడినవి, సైలెన్సర్ తగిలి కరిగినవి, టైరుకు రాసుకుని అడుగు అరిగినవి, జిప్పు చివర నోరు తెరిచినవి. దాదాపు అన్నీ ఈ రకాలే. బ్యాగు పాడయ్యేది బండిని తాకే చోట, లేదంటే బండికి కట్టే చోట. కొనేవాళ్లేమో ఎన్ని లీటర్లు, గుడ్డ ఎంత మందం అని అడుగుతారు. నువ్వు ముందు తిరగేసి చూడు, లీటర్లు తర్వాత.

పెట్టెలు వద్దనుకోవడం మంచిదే. నీ బండి, హిమాలయన్ 450, సామానేమీ లేకుండానే 196 కిలోలు. అల్యూమినియం పెట్టెలు, వాటికి ఇనుప ఫ్రేములు బిగిస్తే ఒక్క చొక్కా పెట్టకముందే బరువు పెరిగిపోతుంది. రాళ్లలో బండి పక్కకు ఒరిగిందంటే పెట్టె అంచు కింద కాలు నలుగుతుంది. మెత్తటి బ్యాగు అయితే కొంత ఒదుగుతుంది. దెబ్బే తగలదని కాదు, ఎముక మీద గట్టి అంచు పడదు, అంతే. తాళం మాత్రం ఉండదు. చిన్న తాళం వేసినా గుడ్డని కోసేవాడిని అది ఆపదు. విలువైనవి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే ట్యాంక్ బ్యాగులో పెట్టుకుని దిగినప్పుడల్లా వెంట తీసుకెళ్లు.

ఇక కుట్టు. పట్టీ బ్యాగుకు కలిసే చోట చదరంగా గడి కట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టారా చూడు. ఒక్క అడ్డ కుట్టుతో వదిలేస్తే అక్కడే పెట్టేసి వచ్చేయ్. తర్వాత బ్యాగు లోపల చెయ్యి పెట్టి అదే చోట తడుము. దళసరిగా తగలాలి, అంటే లోపల ఇంకో ముక్క వేసి కలిపి కుట్టారన్నమాట. ఒంటి గుడ్డ మీదే పట్టీ కుట్టి ఉంటే నిండిన బ్యాగు ఊగినప్పుడల్లా ఆ చోటే లాగుతుంది. ఇంకా మంచి రకంలో నవారు పట్టీ బ్యాగు అడుగు నుంచి చుట్టూ తిరిగి వస్తుంది, బరువంతా పట్టీయే మోస్తుంది. కుట్లు మరీ దగ్గరగా, ముద్దగా ఉంటే గట్టిదనుకోకు. సూది రంధ్రాలు వరసగా పడి, తపాలా బిళ్లల షీటులా సరిగ్గా ఆ గీత మీదే చిరుగుతుంది. దారాన్ని గోటితో గీకి చూడు, పీచు లేస్తే వద్దు.

గుడ్డ మీద 600డి, 1000డి, 1680డి అని రాసి ఉంటుంది. అది డెనియర్. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నూలు ఎంత లావుందో చెప్పే లెక్క అది, గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పేది కాదు. 1000 డెనియర్ నైలాన్, కార్డ్యురా బ్రాండు లాంటిది, రాపిడికి బాగా నిలబడుతుంది. పెద్ద అంకె ఉంది కదా అని 1680 పాలియెస్టర్‌ను దానికంటే గొప్పదనుకోకు. లోపలి పూతను కూడా బొటనవేలితో రుద్ది చూడు. జిగటగా అంటుకున్నా, పొట్టు రాలినా పాత స్టాకు. తేమకు ఆ పూత ఊడొస్తుంది. మా ఊరి ఉక్కకు, ఉప్పు గాలికి ఇంకా తొందరగా పోతుంది. టూరు అయ్యాక నీ బ్యాగుల్ని కూడా తడి ఆరకుండా అటక మీద పడేయకు.

ఇప్పుడు సైలెన్సర్. నీ బండికి అది కుడివైపు, పైకి లేచి ఉంటుంది. నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ మాడకముందే కరిగి ఆ గొట్టానికి అతుక్కుపోతుంది. తర్వాత లోపలి బట్టల వంతు. అందుకే సాడిల్ స్టే, అంటే బ్యాగు లోపలికి ఊగకుండా బండి పక్కన బిగించే ఇనుప చట్రం, లేకుండా ఒట్టి బ్యాగులు సీటు మీంచి వేలాడదీసే ఆలోచన మానుకో. "స్టే అక్కర్లేదు, ఇందులో హీట్ షీల్డ్ గుడ్డ ఉంది" అని షాపువాడు అంటాడు. ఆ గుడ్డ కాస్త వేడిని ఆపుతుంది, ఊగే బ్యాగును ఆపలేదు. స్టే బిగించాక, బ్యాగులో సామాను నింపి, బయటి నుంచి మోకాలితో గట్టిగా లోపలికి తొయ్యి. అప్పుడు కూడా సైలెన్సర్‌కీ బ్యాగుకీ మధ్య నీ అరచెయ్యి పట్టాలి. ఎడమవైపు సైలెన్సర్ లేదని ఊరుకోకు, అటు చెయిన్ ఉంది. ఎవరినైనా బరువైన మనిషిని వెనక కూర్చోబెట్టి, షాక్ అబ్జార్బర్ దిగినప్పుడు బ్యాగు లోపలి మూల చక్రానికి ఎంత దగ్గరగా వస్తోందో వంగి చూడు.

ఇంకొకటి, దీన్ని మగవాళ్లు రాసే రివ్యూల్లో పెద్దగా పట్టించుకోరు. ఆ బండి సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. నీ ఎత్తుకు మునివేళ్లే ఆనతాయి. సీటు వెనక నిలువుగా పెద్ద టెయిల్ బ్యాగు కట్టావంటే, ఎక్కడానికి కాలు దాని మీదుగా తిప్పాలి. దారంతా ఎక్కి దిగి, ఎక్కి దిగి, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. ఎప్పుడో ఒకసారి బూటు బ్యాగుకు తగిలి బండితో సహా పడతావు. అందుకని వెనక 20, 30 లీటర్ల రోల్ బ్యాగు అడ్డంగా, వీలైనంత కిందికి. పక్కలకు చెరో 25 లీటర్లు. ఒక్కదానివే వెళ్తున్నావు, ఇంతకు మించి అక్కర్లేదు. ఎక్కువ చోటు కొంటే ఎక్కువ సామాను వస్తుంది, మీ అమ్మ పచ్చడి సీసాలతో సహా.

నువ్వు అడిగిన జిప్పా, రోల్ టాపా (మూతిని చుట్టలా చుట్టి బిగించే రకం) అన్నదానికి నీ దారే జవాబు చెబుతుంది. జూలైలో హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్, నాగ్‌పూర్, సివనీ మీదుగా వెళ్తే వానాకాలం మధ్యలోంచే పోతావు. కులు, మనాలీ దాకా అదే. 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటాక లాహౌల్‌లో చాలాసార్లు ఆకాశం విప్పుకుంటుంది, వాన మేఘాల్ని కొండలు అటువైపే ఆపేస్తాయి. అక్కడి నుంచి దుమ్ము. ఆ దుమ్ము జిప్పు పళ్లలో చేరితే రెండో రోజుకే రన్నర్ మొరాయిస్తుంది, చల్లటి చేతులతో లాగితే ఊడి చేతికొస్తుంది. వెల్‌క్రోదీ అదే గతి, దుమ్ము నిండితే అంటుకోదు. రోల్ టాప్‌కు ఈ బాధ లేదు, దులిపి విప్పుకోవడమే. కాకపోతే కనీసం మూడు చుట్లు చుడితేనే నీళ్లు ఆగుతాయి కాబట్టి మూతి దాకా నింపలేవు. 25 లీటర్లని రాసిన దాంట్లో అయిదో వంతు పోయిందనుకుని లెక్కేసుకో.

రెయిన్ కవర్ ఇస్తున్నారని సంబరపడకు. 80 స్పీడులో దానిలోకి గాలి దూరి బుడగలా లేస్తుంది. సరే, గట్టిగా కట్టావనుకో, వెనక చక్రం ఎగజిమ్మే బురద నీళ్లు వచ్చేది కింద నుంచి, లోపలి వైపు నుంచి. అక్కడ కవరే ఉండదు. దారిలో నాలాలు, అంటే రోడ్డుకు అడ్డంగా పారే వాగులు, కూడా దాటాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి, బ్యాగు అడుగు మునుగుతుంది. కాబట్టి లోపల విడిగా తీసే వాటర్‌ప్రూఫ్ సంచి ఉన్నది తీసుకో, లేదంటే అతుకులన్నీ వేడితో కరిగించి అంటించిన టార్పాలిన్ రకం. నాకు మొదటిదే నచ్చుతుంది. రాత్రి హోటల్ చేరాక బురద కొట్టుకున్న పై బ్యాగు బండికే వదిలేసి లోపలి సంచి పట్టుకుని గదికి పోవచ్చు. ఏ సంచి అయినా సరే, బట్టల్ని మళ్లీ నల్ల చెత్త కవర్లలో వేసుకో. చవక, నమ్మకం.

నన్నే కుట్టి పెట్టమంటావేమో. బ్యాగు కుట్టగలను, నీళ్లు ఆపలేను. సూది దిగిన ప్రతిచోటా రంధ్రమే. అతుకు మీద లోపలి నుంచి వేడితో టేపు వేసే మిషను నా దగ్గర లేదు.

బక్కిళ్లు షాపులోనే నీ చలి గ్లౌజులు వేసుకుని తీసి, పెట్టి చూడు. లేహ్ దారిలోని తంగ్లంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైమాటే. అంత ఎత్తులో, ఆ చలిలో గ్లౌజు తీసి చిన్న బక్కిల్ నొక్కాలంటే ఏడుపొస్తుంది. కట్టడానికి సాగే తాళ్లు, కొక్కేలు ఉన్న నెట్లు వద్దే వద్దు. గతుకుల్లో వదులవుతాయి, చెయ్యి జారితే కొక్కెం వెనక్కి ఎగిరి కంటికి తగులుతుంది. సాగని నవారు పట్టీలు, ఇనుప క్యామ్ బక్కిల్‌తో (పట్టీని పళ్లతో నొక్కి పట్టే రకం), ఇంకో రెండు అదనంగా. మిగిలిన కొసలు చుట్టి ఇన్సులేషన్ టేపు వెయ్యి, వేలాడితే చెయినే లాక్కుంటుంది. పట్టీ ఆనే చోట పెయింటు మీద ముందే పారదర్శకం ఫిల్మ్ అంటించు. పట్టీ కింద దుమ్ము చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. వెనక లైటు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కనిపిస్తున్నాయా అన్నది బ్యాగులు కట్టాక ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడు.

సర్దడం గురించి రెండు ముక్కలు. పనిముట్లు, టైరు ట్యూబులు, చెయిన్ స్ప్రే లాంటి బరువులు పక్క బ్యాగుల్లో అడుగున, ముందు వైపుకు. వెనక రోల్ బ్యాగులో దుప్పటి, జాకెట్టు లాంటి తేలికవే. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ వణుకుతుంది. రెండు పక్కలూ స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూచి సమానం చెయ్యి, చేత్తో అంచనా వద్దు. ట్యాంక్ బ్యాగు చిన్నది చాలు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు హారన్ గానీ, కిల్ స్విచ్ గానీ నొక్కుకోకూడదు. లోయ పక్కన యూ టర్న్ కొడుతుంటే ఇంజన్ ఆగిపోవడం నీకు అక్కర్లేని టెన్షన్.

లాహౌల్‌లో తాండి అనే ఊరి పెట్రోలు బంకు దగ్గర, తర్వాతి పెట్రోలు 365 కిలోమీటర్ల తర్వాతే అని ఓ బోర్డు ఉండేది, అక్కడ ఫొటో దిగని రైడర్ లేడు. నీ ట్యాంకు 17 లీటర్లు కాబట్టి మామూలుగా సరిపోవాలి, కానీ ఎత్తులో, లోడుతో మైలేజీ నమ్మలేం. 5 లీటర్లు అదనంగా పట్టుకో. ఆ క్యాను మాత్రం ఏ బ్యాగులోనూ పెట్టకు. ఎత్తుకు వెళ్లేకొద్దీ లోపలి ఆవిరి ఉబ్బి మూత దగ్గర కారుతుంది, తర్వాత నీ బట్టలూ తిండీ అన్నీ పెట్రోలు కంపే. బయట, సైలెన్సర్‌కు ఎదురుగా ఉన్న ఎడమవైపు, దానికంటూ వేరే స్టాండు వేయించు.

కొన్న వెంటనే లద్దాఖ్ బయల్దేరొద్దు. నిజంగా తీసుకెళ్లే సామానుతోనే ఒకసారి శ్రీశైలం వెళ్లి రా. మీ ఇంటి నుంచి రానూ పోనూ 400 కిలోమీటర్లు దాటుతుంది, నల్లమల ఘాట్‌లో మలుపులకు బ్యాగు ఊగేదీ లేనిదీ తేలిపోతుంది. ఆ అడవి రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, దాన్ని బట్టి బయల్దేరు. వెళ్లేముందు బ్యాగుల వెనకవైపంతా టైలరు సుద్దతో గీతలు గీసుకో. తిరిగొచ్చాక విప్పి చూస్తే ఎక్కడ చెరిగిందో అక్కడ బ్యాగు దేనికో రాసుకుంటోందన్నమాట. అక్కడ స్టే వంచాలి, లేదా ఒక రెగ్జిన్ అతుకు వెయ్యాలి. అతుకు పని నాది, కొరియర్‌లో పంపితే రెండు రోజుల్లో చేసిస్తాను.

తిరుగు ప్రయాణంలో బండిని రైల్లో పార్సిల్ వేసే ఆలోచన ఉంటే, ట్యాంకు ఖాళీ చేయించమంటారు, బ్యాగులు నీతోనే తెచ్చుకోవాలి. మూడింటినీ ప్లాట్‌ఫారం మీద మోయడానికి భుజానికి వేసుకునే పట్టీ ఉందో లేదో కొనేటప్పుడే అడుగు.

స్టే బిగించే రోజు మెకానిక్ దగ్గర్నుంచే వీడియో కాల్ చెయ్యి. షాపు రాత్రి 8 దాకా తీసే ఉంటుంది.

మీ మామయ్య