ఎండ మీ ముఖాన పడనివ్వండి

ప్రశ్న: సెలవు రోజుల్లో మా పాత పేటలో పదిహేనుమందిని వెంటబెట్టుకుని తిప్పుతూ ఇళ్ళ చరిత్ర చెబుతుంటాను. ఫొటోలూ నేనే తీయాలి. కెమెరా పట్టుకుంటే మాట తెగిపోతోంది, జనం చెదిరిపోతున్నారు. రెండూ ఎలా కుదురుతాయి?

జవాబు: ఒకే పూట కుదరవు. ఇళ్ళ ఫొటోలు ముందు రోజే తీసుకోండి. నడక మొదలయ్యే వేళకే, ఒంటరిగా వెళ్ళండి. ఏ మలుపులో వాహనాల రొద మీ గొంతును మింగేస్తుందో, ఎక్కడ అంతమంది నిలబడినా దారినపోయేవాళ్ళకు అడ్డం కాదో, ఏ గోడ మీద ఎప్పుడు ఎండ పడుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. నేను మాత్రం దారి ఎంచుకునేది సూర్యుణ్ణి చూసే. తూర్పు ముఖం ఇళ్ళు పొద్దున, పడమటి ముఖంవి సాయంత్రం చూపిస్తాను. చరిత్ర వరస తప్పుతుందని బెంగ వద్దు. ‘ఇది తర్వాత కట్టింది’ అని ఒక్క మాటంటే జనం సర్దుకుంటారు. గోడ మీది చెక్కడాలు ఎండ ఓరగా తగిలినప్పుడే లేచి కనిపిస్తాయి, నీడలో చదునైపోతాయి.

ఆగినచోట ఎండ మీ ముఖాన పడేలా నిలబడండి. అప్పుడు వినేవాళ్ళు కళ్ళు చికిలించుకోనక్కర్లేదు, మీ వెనక ఇల్లూ వెలుగులో ఉంటుంది. అయితే మీ వైపు నుంచి వాళ్ళను ఫొటో తీస్తే ముఖాలు నల్లబడతాయి. ఫోన్ తెర మీద ఒక ముఖాన్ని తాకి వెలుతురు కాస్త పెంచండి, లేదా పక్కకు జరిగి తీయండి. అసలు ఆ పనిని మీతో నడవడానికి వచ్చినవాళ్ళలో ఒకరికి అప్పగించడమే మేలు. వెనకబడినవాళ్ళను కలుపుకొచ్చేందుకు గుంపు చివర ఎలాగూ ఒక మనిషి కావాలి. ఆ మనిషికి మాత్రం కెమెరా ఇవ్వకండి, అన్నీ వీపులే వస్తాయి! ఆ చివరి మనిషి వచ్చి చేరేదాకా మీరూ కథ మొదలుపెట్టకండి.

ఎత్తయిన మేడను దగ్గర్నుంచి ఫోన్ పైకెత్తి తీస్తే అది వెనక్కి ఒరిగిపోతున్నట్టు వస్తుంది. వీధి అవతలికి వెళ్ళి, ఫోన్ నిటారుగా పట్టి తీయండి. కింద రోడ్డు ఎక్కువ పడితే తర్వాత కత్తిరించుకోవచ్చు.

ప్రశ్న: సాయంత్రం తీసిన వీధి ఫొటోల్లో ఇళ్ళు స్పష్టంగా, నడిచే మనుషులు అలికినట్టు వస్తున్నారు. కెమెరా పాడైందా?

జవాబు: లేదు, వెలుతురు చాలక షట్టర్, అంటే కెమెరాలోకి కాంతిని వదిలే తలుపు, ఎక్కువసేపు తెరుచుకుని ఉంటోంది. 1838లో ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్‌లో ఒక వీధిని పైనుంచి ఫొటో తీశాడు. కొన్ని నిమిషాలు కాంతి పడాల్సి రావడంతో కదిలే మనుషులూ బళ్ళూ మాయమై వీధి నిర్మానుష్యంగా వచ్చింది. కదలకుండా నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒకాయన మాత్రం మిగిలాడు. మీరు షట్టర్‌ను సెకనులో 250వ వంతుకు పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) పెంచండి. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది, రానివ్వండి.

ప్రశ్న: గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళను అడక్కుండా ఫొటో తీయవచ్చా?

జవాబు: చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గరిది ముందు తెలుసుకోండి. నేనైతే గుంపు వెంట ఉన్నప్పుడు తీయనే తీయను. ఒక్కరు అడిగితే కాదనే వీలుంటుంది. పదిహేనుమంది ఎదుట నిలబడి అడిగితే పాపం, ఒప్పుకోక ఏం చేస్తారు? ముందు రోజు వెళ్తారుగా, అప్పుడు పలకరించి అడగండి. ఫొటో పంపుతానంటే పంపండి. పిల్లలవి, తెరిచిన కిటికీలోంచి లోపలివి వద్దు. మీతో నడవడానికి వచ్చినవాళ్ళలోనూ ఫొటో ఇష్టం లేనివాళ్ళు ఉంటారు, బయల్దేరేముందే అడిగేయండి.