టెక్ సందేహాలు: ముందున్న అంకె కాదు, వెనకున్న తోక చదవండి

ఒకే ఫిర్యాదు మూడోసారి వచ్చింది. మొదట నంద్యాల నుంచి, తర్వాత ఆదోని నుంచి, ఇప్పుడు కర్నూలు నుంచి. ఇక పక్కన పెట్టడం కుదరదు.

కర్నూలు నుంచి ఒక కాలేజీ సిస్టం అడ్మిన్: "సార్, మా సర్వర్ ఉబుంటు 22.04. ఆడిట్ వాళ్లు స్కాన్ చేసి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.9పీ1లో పెద్ద లోపం ఉందన్నారు, 9.8కి మారమన్నారు. అప్‌డేట్ ఎన్నిసార్లు కొట్టినా 8.9 దగ్గరే ఆగుతోంది. చివరికి ఒక వీడియో చూసి 9.8 సోర్సు దించి, కంపైల్ చేసి పెట్టేశాను. రిపోర్టు పచ్చగా వచ్చింది. కానీ మనసు పీకుతోంది."

పీకాల్సిందే లెండి. బాగున్న తాళం ఊడబెరికి, రోడ్డు మీద కొన్న తాళం వేశారు మీరు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తలుపు. ఆ లోపం సీవీఈ-2024-6387 (బయటపడ్డ ప్రతి లోపానికీ ఇచ్చే నంబరే సీవీఈ). 2024 జులై 1న బయటపెట్టారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు 9.8లో దాన్ని పూడ్చారు. ఉబుంటు (ఒక రకం లైనక్స్) వాళ్లు 9.8 మొత్తాన్ని తెచ్చి మీ నెత్తిన పెట్టలేదు. లోపాన్ని మూసే ఆ కొద్ది మార్పును మాత్రమే 8.9కి సరిపడేలా అతికి, 3ఉబుంటు0.10 అనే తోక తగిలించి పంపారు. బ్యాక్‌పోర్ట్ అంటే ఇదే. మా అనంతపురం పల్లెల్లో బోరు మోటారు మొరాయిస్తే వెంటనే కొత్తది కొనేవాడెవడు? కొత్త బుష్ తెచ్చి, పాత షాఫ్టు కొలతకు లేత్ మీద చెక్కించి బిగిస్తారు. మోటారు మీది రేకు మాత్రం పాతదే. మీ ఆడిటర్ ఆ రేకు చదివి వెళ్లిపోయాడు.

ఇంకో తమాషా ఉంది. ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తట్టగానే సర్వర్ పంపే పరిచయ వాక్యంలోనే (బ్యానర్) ఆ తోక కూడా కనబడుతుంది. 8.9పీ1 దగ్గర చదవడం ఆపేసే స్కానర్‌కు డబ్బులిచ్చి మరీ భయపడుతున్నాం. ఆడిటర్‌కు కాగితం కావాలంటే 'యాప్ట్ చేంజ్‌లాగ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్' అని కొట్టండి. వచ్చినదాంట్లో ఆ సీవీఈ నంబరున్న భాగాన్ని ప్రింటు తీసి రిపోర్టుకు జత చేయండి. కాదనే ఆడిటర్‌ను నేనైతే ఇంతవరకు చూడలేదు. చదివే ఓపిక లేనివాళ్లను చాలామందిని చూశాను.

అసలు భయం వేరే. మీరు చేత్తో పెట్టిన 9.8 ఇప్పుడు అనాథ. ఉబుంటు అప్‌డేట్లు దాన్ని ముట్టుకోవు, ఎందుకంటే అది ప్యాకేజీల లెక్కలోనే లేదు. 2025 ఫిబ్రవరిలో సీవీఈ-2025-26466 అని మరో లోపం బయటికొచ్చింది. లాగిన్ కూడా అవకుండానే బయటివాడు సర్వర్ మెమరీని, ప్రాసెసర్‌ను తినేసే రకం. అది 9.5పీ1 నుంచి 9.9పీ1 దాకా ఉంది. అంటే మీ 9.8లో ఉంది. మీరు వదిలేసి వచ్చిన 8.9లో అసలు పుట్టనే లేదు! ఒక గుంత తప్పించుకోబోయి ఇంకో గుంతలో కాలు పెట్టారు, పైగా ఈసారి పూడ్చేవాడు లేడు. 9.9పీ2లో ఆ లోపం పోయింది కానీ, ఆ సంగతి మీకు చెప్పేదెవరు? ఆ వీడియో చేసినవాడు చెబుతాడా?

వెనక్కి రావాలంటే మొదట మీ 9.8 ఎక్కడ కూర్చుందో చూడండి. సాధారణంగా యూఎస్ఆర్ లోకల్ అనే ఫోల్డర్ కింద ఉంటుంది. దాన్ని తీసేసి, ప్యాకేజీ సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఇదంతా ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని చేయకండి, సర్వర్ గదిలో కీబోర్డు ముందుండి చేయండి. బయట చిక్కుకుని ఆదివారం పూట ఫోన్ చేసినవాళ్లున్నారు.

ఆ 6387 లోపం కథ కూడా చెప్పాలి. 2006లోనే దాన్ని ఒకసారి పూడ్చారు. 2020లో ఎవరో కోడ్ సర్దుతూ ఆ పూడ్చిన మట్టి ఎత్తేశారు, 8.5పీ1తో అది మళ్లీ అందరి ఇళ్లకూ వచ్చింది. అందుకే 8.2 ఉన్న ఉబుంటు 20.04కి ఈ లోపం అంటలేదు. "కొత్తదైతే భద్రం" అనేవాళ్లకు 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారం కూడా గుర్తుచేస్తా. దొంగతలుపు పెట్టింది అప్పటికి అతి కొత్తవైన 5.6.0, 5.6.1లలోనే. పాతదాన్ని పట్టుకుని ఉన్న డెబియన్ స్టేబుల్ అనే లైనక్స్ జోలికి అది రాలేదు.

ఇలా అన్నానని పాతవన్నీ మంచివని కాదు. లేత్ పట్టేవాడు ఉన్నంతవరకే ఆ మోటారు. సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్‌కి 2024 జూన్ 30తో ఆ పని ఆగిపోయింది. ఇప్పటికీ దాని మీద ఫీజుల సాఫ్ట్‌వేర్ నడుపుతున్న కాలేజీలు నాకు తెలుసు. అక్కడ వెర్షన్ కూడా మారదు, తోక కూడా మారదు.

ఇంకా "మా సర్వర్ నాలుగు వందల రోజులుగా ఆపలేదు" అని మీసం తిప్పేవాళ్లు. కెర్నెల్ (సిస్టం గుండెకాయ) ప్యాచ్, అంటే లోపం పూడ్చే మార్పు, డిస్క్ మీదికి వచ్చి కూర్చుంటుంది గానీ, మామూలుగా రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. నాలుగు వందల రోజులంటే అన్నాళ్ల లోపాలు అలాగే తెరిచి ఉన్నాయని. ఇది మీసం తిప్పే విషయమా?

అనంతపురం నుంచి బీటెక్ విద్యార్థిని: "ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నా ప్యాచ్ మెయిన్ బ్రాంచ్‌లో చేర్చుకున్నారు. పాత రిలీజ్ బ్రాంచ్‌కూ బ్యాక్‌పోర్ట్ చేయమన్నారు. చెర్రీ-పిక్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్. నా కోడే ఉంచి కంపైల్ చేశాను, అయింది. పంపేయనా?"

వద్దమ్మా, ఆగు. కంపైల్ కావడం ఏమీ చెప్పదు. చెర్రీ-పిక్ అంటే ఒక బ్రాంచ్‌లోని (కోడ్‌లో వేరుగా సాగే పాయలోని) మార్పును తీసి ఇంకో బ్రాంచ్‌కు అతికించడం. అక్కడ కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే, అంటే అతుకు కుదరలేదంటే, రెండు బ్రాంచ్‌ల మధ్య ఆ ఫైల్‌ను ఎవరో మార్చారని. గిట్ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) ఆ మార్పును పట్టుకో. నీ ప్యాచ్ నమ్ముకున్న చెక్ ఏదో మధ్యలో వచ్చిన వేరే కమిట్‌లో (నమోదైన మార్పులో) ఉండవచ్చు. పాత బ్రాంచ్‌లో ఆ చెక్ లేకపోతే నీ ప్యాచ్ గోడ లేని చోట తలుపు బిగించినట్టే. అంతకంటే ముందు, అసలు ఆ లోపం పాత బ్రాంచ్‌లో పుట్టిందా లేదా చూడు. లేకపోతే పనే లేదు. ఉంటే, ముందు ఫెయిలయ్యే టెస్టు ఒకటి పాత బ్రాంచ్‌లో రాసి, తర్వాత ప్యాచ్ వేయి. చెర్రీ-పిక్‌కు మైనస్ ఎక్స్ తగిలిస్తే ఏ కమిట్ నుంచి తెచ్చావో మెసేజ్‌లో పడుతుంది. పనిలో పనిగా వేరియబుల్ పేర్లు సర్దకు. లైనక్స్ కెర్నెల్ స్టేబుల్ బ్రాంచ్‌లలో ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదని నియమం. పైగా అది ముందు మెయిన్‌లైన్‌లో (అసలు కెర్నెల్ కోడ్‌లో) చేరి ఉండాలి. లేకపోతే కొత్త వెర్షన్‌కు మారినవాడికి పాత రోగం తిరగబెడుతుంది.

కడప నుంచి ఒక వస్త్ర వ్యాపారి: "నా ఫోన్ ఆండ్రాయిడ్ 12 దగ్గరే ఆగింది. మార్చేయాలా?"

వెర్షన్ వదిలేయండి. సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ ప్యాచ్' పక్కన ఉన్న తేదీ చూడండి. అసలు ముఖ్యమైనది అదే, దాన్నేమో నాలుగు మెనూల కింద దాస్తారు. కెమెరా మెగాపిక్సెళ్లు డబ్బా మీద అరచేయంత అక్షరాల్లో వేసేవాళ్లకు, ప్యాచ్‌లు ఏ నెల దాకా ఇస్తారో వేయడానికి చోటు దొరకదు. పాల ప్యాకెట్ మీద ఉండే తేదీ ముప్పై వేల ఫోన్ డబ్బా మీద ఉండదా?

మీ తేదీ ఏడాది దాటి ఉంటే బ్యాంకు యాప్, యూపీఐ ఆ ఫోన్‌లోంచి తీసేయండి. చీరల ఫొటోలు తీసుకోవడానికి అది ఇంకా పనికొస్తుంది.