బుజ్జమ్మకి, ఆ మాయమైన 3బి గురించి

బుజ్జమ్మా,

నిన్న నువ్వు ఫోన్లో అంత కంగారుగా చెప్పాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా, నోటితో చెప్తే సగం మర్చిపోతావు, రాసిస్తే ఆఫీసులో తీసి చూసుకుంటావు. "మామయ్యా, ఒక పార్టీకి 3బి, అదే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్, వెయ్యాలని సోమవారం టు డూ యాప్‌లో రాశాను, మంగళవారం చూస్తే లేదు, యాప్ తినేసింది" అన్నావు కదా. యాప్ ఏం తినలేదమ్మా, అది నీ ఫోన్లోనే ఉంది, నువ్వు చూసిన చోట లేదంతే.

నువ్వు ఆ యాప్‌లో మై డే తెరిచి ఉండగా అక్కడే కింద పార్టీ, అంటే మన క్లయింటు పేరు, పక్కన 3బి అని కొట్టి వదిలేశావు. మై డే అనేది ఇవాళ చూడాల్సినవి ముందర పెట్టుకునే పళ్ళెం లాంటిది, రాత్రి పన్నెండు దాటితే ఖాళీ అయిపోతుంది. నువ్వు రాసింది వెళ్ళి పడింది టాస్క్స్ అనే లిస్టులో, అదీ తేదీ లేకుండా, ఎందుకంటే మై డేలో రాసినంత మాత్రాన డ్యూ డేట్ రాదు. పొద్దున నువ్వు వెతికిందేమో ప్లాన్డ్‌లో, అందులో డ్యూ డేట్ పెట్టినవే కనపడతాయి. అందుకే నీకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. ఇప్పుడే టాస్క్స్ తెరువు, ఉంటుంది.

సరే అయితే ప్లాన్డ్‌లోనే రాసేస్తా అంటావేమో, అది ఇంకో రకం తలనొప్పి. అక్కడ రాస్తే తేదీ దానంతటదే ఇవాళ్టిది పడిపోతుంది, నువ్వు మార్చకపోతే రేపు పొద్దున ఆ తేదీ ఎర్రగా అయి కూర్చుంటుంది. ఎప్పుడో 20కి చెయ్యాల్సిన పని 5న రాస్తే 6నే ఎర్రబడుతుంది. ఇలాంటివి పది పోగయ్యాయనుకో, ఎరుపు చూసినా నీకేం అనిపించదు, అప్పుడు నిజంగా గడువు దాటింది కూడా ఆ గుంపులో కలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే తల్లీ, మాయమైన పని ఒక్కటే పోతుంది, అబద్ధపు ఎరుపు మాత్రం మొత్తం లిస్టు మీదే నమ్మకం పోగొడుతుంది.

నాకు జరిగింది చెప్తా. అప్పట్లో మేం ఎక్సెల్ షీట్లో పెట్టుకునేవాళ్ళం, తేదీ కాలమ్ మీద ఫిల్టర్ వేసి ఈ నెలవి మాత్రమే చూసేవాణ్ణి. ఒక మిర్చి వ్యాపారి గోడౌన్ అద్దె 1,80,000 కట్టాడు, 25న అందులోంచి 18,000 టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను, కోశాం, నేను ఫిల్టర్ ఉండగానే కింద కొత్త వరస రాసి, తేదీ తర్వాత వేద్దాంలే అని లేచిపోయా. రాసిన వెంటనే కళ్ళ ముందే ఉంది కాబట్టి ఎక్కిందనే అనుకున్నా. మర్నాడు ఫిల్టర్ మళ్ళీ వెయ్యగానే ఆ వరస దాక్కుంది, నేను చూసుకోలేదు. మర్నెల 7లోపు ప్రభుత్వానికి కట్టాల్సింది 9న బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తుంటే గుర్తొచ్చింది. లేటు రెండు రోజులే, కానీ వడ్డీ నెలకి ఒకటిన్నర శాతం, నెలలో ఒక్క రోజు తగిలినా పూర్తి నెల కిందే లెక్క, కోసిన రోజు నుంచి లెక్కపెడతారు, అలా రెండు నెలలు పడి 540 కట్టాం. డబ్బు సంగతి అటుంచు, ఆయన "మీరుండగా ఇదేంటండీ" అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. గోడ మీద వెంకట్రామా క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టేసుకున్న రోజుల్లో ఏ తేదీ దాక్కునేది కాదమ్మా, నెలంతా కళ్ళెదురుగానే ఉండేది.

కాబట్టి ఇలా చెయ్యి. జీఎస్టీకి ఒకటి, టీడీఎస్‌కి ఒకటి, పీఎఫ్ ఈఎస్ఐకి ఒకటి సొంత లిస్టులు పెట్టుకో, కొత్త పని ఏదైనా ముందు ఆ లిస్టు తెరిచి అందులోనే రాయి, తేదీ పెట్టకుండా ఫోన్ కింద పెట్టకు, మై డేలోకి ప్లాన్డ్‌లోకి చూడ్డానికే వెళ్ళు. జల్లెడలో గింజలు దాచుకోం కదా. పార్టీ ఎదురుగా కూర్చుని హడావిడిగా ఉంటే ఎక్కడైనా కొట్టెయ్, కానీ ఆయన గుమ్మం దాటగానే దానికి తేదీ వెయ్యి.

ఇంక తేదీ ఏం వెయ్యాలంటే, ఆఖరి తేదీ మాత్రం వెయ్యకు. 3బి 20 అయితే డ్యూ డేట్ 17 పెట్టి, ఆఖరి తేదీ 20 అని కింద నోట్‌లో రాసుకో, 20 సాయంత్రం పోర్టల్ తిరుగుతూ ఉంటే పార్టీ నిన్నే అడుగుతాడు, రోజుకి 50 లేటు ఫీజు, లావాదేవీలేం లేని నిల్ రిటర్న్ అయితే 20. బిల్లులు అడగడం వేరే పనిగా 5న పెట్టు, చాలామంది దీన్ని అసలు రాసుకోరు, తీరా చూస్తే ఆలస్యమంతా ఇక్కడే. జీఎస్టీఆర్ 1, అదే అమ్మకాల వివరాల రిటర్న్, మాత్రం 11 దాటనివ్వకు, దాటితే వాళ్ళ దగ్గర కొన్నవాళ్ళకి ఆ నెల 2బిలో, అంటే కొన్నవాళ్ళకి పోర్టల్ చూపించే స్టేట్‌మెంట్‌లో, పన్ను క్రెడిట్ కనపడదు, ఫోన్లన్నీ నీకే వస్తాయి. మూణ్ణెల్లకోసారి వేసేవాళ్ళకి 3బి మన రాష్ట్రంలో 22, అదే ఒడిశా రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీ అయితే 24, అన్నీ ఒకే రోజు వెయ్యకు. పీఎఫ్ ఈఎస్ఐ 15, అది నీకు తెలిసిందే.

ఇంకోటి, ప్రతి నెలా రిపీట్ పెట్టావు కదా, టు డూలో ఈ నెలది టిక్ కొడితేనే వచ్చే నెలది పుడుతుంది. పని అయిపోయినా టిక్ కొట్టడం మర్చిపోతే తర్వాతది రాదు. టీడీఎస్ అయితే కట్టిన చలాన్, జీఎస్టీ అయితే రిటర్న్ ఫైల్ అయిన రసీదు డౌన్‌లోడ్ అవగానే టిక్ కొట్టెయ్, అంతకుముందే కొట్టకు.

శనివారం సాయంత్రం వెళ్ళేముందు ఒక పావుగంట టాస్క్స్ లిస్టు పైనుంచి కిందదాకా చూడు, తేదీ లేనివి ఒక్కోటి సరైన లిస్టులోకి తోసి తేదీ వెయ్యి. ఈ శనివారం ఎన్ని దొరికాయో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, అమ్మని కూడా పక్కన కూర్చోమను, అత్తయ్య మాట్లాడుతుందట.

మీ మామయ్య