కాశీనగర్‌లో పాడి ఆవులున్నాయి, పెద్ద అంటురోగం వస్తే ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

లంపీ (పశువు ఒంటినిండా గడ్డలు లేచే చర్మరోగం) లాంటిది మళ్లీ వస్తే ఏయే మందులు కొని ఉంచుకోవాలని అడిగారు. మాది పర్లాకిమిడి పక్క పల్లె, తాతల నాటి నుంచీ ఇంట్లో పాడి ఉంది. మందుల మాట తర్వాత చూద్దాం. రోగం పేరు తేలేలోపే అది నాలుగు వీధులు తిరిగేస్తుంది, మీరు సిద్ధపడాల్సింది ఆ నాలుగు రోజులకే.

మనకు చిక్కంతా ఒడిశా, ఆంధ్ర సరిహద్దు దగ్గరే. ఇక్కడి ఆవు ఆంధ్రలోని పాతపట్నం వైపు అమ్ముడుపోతుంది, అటు కోడె ఇటు దుక్కికొస్తుంది. ఏ రాష్ట్రం పశువుల డాక్టరుకైనా సగం సంగతే తెలుస్తుంది. అందుకని ఓ నోటుబుక్కు పెట్టండి. ఏ సంతలో ఎవరి దగ్గర కొన్నారు, ఏ రోజు తోలుకొచ్చారు, చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు, టీకా తేదీ, అన్నీ రాయండి. మా వీధిలో లంపీ కనిపించినప్పుడు లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు ముందుగా అడిగింది, ఈమధ్య కొత్త పశువు ఎవరింటికొచ్చిందని. ఒక్కరూ తేదీ చెప్పలేకపోయారు. ఒక ముసలమ్మ మాత్రం శాల గోడ మీద బొగ్గుతో గీసుకున్న పాల లెక్క చూపించి, ఆవు దిగిన రోజు ఇదీ అంది. రోగం ఏ సంత నుంచి వచ్చిందో ఆ లెక్కను బట్టే తెలిసింది.

దేశంలో లంపీ మొదట బయటపడింది 2019లో, మన ఒడిశాలోనే. ఈగలు, దోమలు, గోమార్లు దాన్ని మోస్తాయి, కాబట్టి శాలలో పేడ నిలవుండకూడదు, సాయంత్రం పొగ వేయాలి. కొత్తగా కొన్న ఆవును నాలుగు వారాలు వేరే పాకలో కట్టండి. దాని పలుపు, బకెట్టు, కుడితి గాబు దానికే. పాలు పితికేది కూడా అన్నిటికన్నా ఆఖర్న.

గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే రోగం) మనుషుల వెంట కూడా వస్తుంది. జబ్బు ఆవును చూడ్డానికి వచ్చి, మెడ నిమిరి, అదే చేత్తో ఇంటికెళ్లి తమ ఆవుకు గడ్డి వేసేవాళ్లు ఎంతమందో! ప్రేమతోనే చేస్తారు, కానీ ఆపాల్సింది మనమే. పది లీటర్ల నీళ్లలో 400 గ్రాముల బట్టల సోడా కలిపి గుమ్మం దగ్గర పెట్టి, వచ్చినవాళ్ల కాళ్లు, చెప్పులు తడపమనండి. పాలు పట్టుకెళ్లే అబ్బాయిని వీధిలోనే నిలబెట్టండి.

టీకా రోగం రాకముందే పడాలి. గాలికుంటుకు ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తారు, లంపీకి మేకల మశూచి టీకా వాడుతున్నారు. రెండు రోజులు పాలు తగ్గుతాయని తప్పించుకునే ఇళ్లున్నాయి, వాళ్లను బతిమాలైనా సరే ఒప్పించండి. ఊరంతా వేయించుకుంటేనే మీ ఆవులూ నిలబడతాయి. ఐస్ డబ్బా లేకుండా తెచ్చిన టీకా మాత్రం వేయనివ్వకండి.

అనుమానం రాగానే దగ్గర్లోని పశువైద్య ఎయిడ్ సెంటరుకో, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కో ఫోను చెయ్యండి. కబురు చెప్పడం పశువు యజమాని బాధ్యతని పశువుల అంటురోగాల నివారణకు తెచ్చిన 2009 చట్టమే అంటోంది. దాచిపెట్టి, తెల్లారకముందే సంతకు తోలేసేవాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ ఒక్క పశువుతో ఇంకో ఊరు మునుగుతుంది.

కళేబరం పూడ్చే చోటు కూడా ఇప్పుడే చూసి ఉంచుకోండి. వంశధార గట్టు, బావి దరి వద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేయాలి. ఉన్నట్టుండి పశువు చచ్చి, ముక్కులోంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మరోగమని (ఆంత్రాక్స్) అనుమానించాలి. కోరాపుట్ జిల్లాలో అలాంటి పశువును కోసి, మాంసం తిన్నవాళ్లకే అంటుకున్న సందర్భాలున్నాయి. చర్మం ఒలవనివ్వకండి, కత్తి తగలనివ్వకండి, డాక్టరు వచ్చేదాకా కుక్కల్నీ పిల్లల్నీ దగ్గరకు రానివ్వకండి.