ఫిలాసఫీ మాస్టారు రోజంతా ఏం చేస్తాడండీ?

ప్రశ్న: మాది తెనాలి. ఎరువుల కొట్టు ఉంది. మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఎమ్మెస్సీయో ఎంసీఏయో చేస్తుందనుకున్నాం. ఇప్పుడేమో ఎంఏ ఫిలాసఫీ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్తానంటోంది. చుట్టాలు "ఏంటి, సన్యాసుల్లో కలుస్తుందా" అని నవ్వుతున్నారు. నాకు నవ్వూ రావడం లేదు, కోపమూ రావడం లేదు. ఒకటే అనుమానం. ఫిలాసఫీ చెప్పే మాస్టారు రోజంతా ఏం చేస్తాడండీ? దాంతో బతుకు గడుస్తుందా?

జవాబు: నమస్కారమండి. పిల్లల చదువుల గురించి రాసే తల్లిదండ్రులు ఎక్కువగా జీతమెంత, ప్యాకేజీ ఎంత అనే అడుగుతారు. ఆ ఉద్యోగంలో మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనేంటి అని అడిగినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకని ముందు దానికే జవాబు చెప్తాను. డబ్బు సంగతి తర్వాత.

నేనూ ఎంఏ ఫిలాసఫీ చేసినవాణ్నే. నాలుగేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెప్పి బయటికొచ్చేశాను. నాతో చదివిన మిత్రుడొకాయన అక్కడే ఉండిపోయాడు, ఇప్పుడు ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ప్రొఫెసర్. మీ ఉత్తరం చదివి ఆయనకు ఫోన్ చేశాను. "గొప్ప మాటలేం వద్దు, నిన్న ఏం చేశావో వరసగా చెప్పు" అన్నాను. ఆయన చెప్పినది ఇది.

తొమ్మిదిన్నరకి ఎంఏ మొదటి సంవత్సరం క్లాసు. రిజిస్టర్లో పద్దెనిమిది మంది, వచ్చింది పదకొండు మంది. అందులో సగం మంది గ్రూప్-1కో సివిల్స్‌కో చదువుకోవడానికి హాస్టలూ లైబ్రరీ దొరుకుతాయని చేరినవాళ్లే. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని వాళ్లకీ తెలుసు. "హాస్టల్ కోసం వచ్చినా గంటసేపు నా ముందు కూర్చుంటారు కదా, అది చాలు" అంటాడు.

నిన్నటి పాఠం న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, అనుమానం. మీరూ ఉత్తరంలో ఆ మాటే వాడారు. మనింట్లో అనుమానం అంటే సందేహం. న్యాయదర్శనంలో దాదాపు తిరగబడుతుంది. కంటికి కనిపించిన గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం అనుమానం. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఎందుకంటే పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా. ఏటా మొదటి పది నిమిషాలు ఈ మాటకున్న ఇంటి అర్థాన్ని వదిలించడానికే పోతాయట.

వంటిల్లు అనగానే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మా ఇంట్లో గ్యాస్ పొయ్యి. నిప్పుంటుంది గానీ పొగ ఉండదు." క్లాసంతా నవ్వింది. ఇలాంటి ప్రశ్న కోసమే ఈ ఉద్యోగంలో ఉన్నానని మా వాడంటాడు. పొగ ఉన్నచోట నిప్పుంటుందని న్యాయం చెప్పింది, నిప్పున్నచోట పొగ ఉంటుందని చెప్పలేదు. మన మనసే ఆ రెండింటినీ కలిపేస్తుంది. గ్యాస్ పొయ్యి లేని రోజుల్లోనే వాళ్లు ఎర్రగా కాలిన ఇనుప గుండును ఉదాహరణగా చూపించారు. అందులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకి పచ్చి కట్టె తోడవ్వాలి. ఆ పచ్చి కట్టె లాంటి, పైకి చెప్పని షరతుకి శాస్త్రంలో పేరు 'ఉపాధి'. మనకి ఉపాధి అంటే ఉపాధి హామీ పనులు గుర్తొస్తాయి, అది వేరు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహంలో ఈ పచ్చి కట్టె, ఈ ఇనుప గుండు రెండూ ఉన్నాయి. ఆ పుస్తకం ముఖం చూడకుండానే కుర్రాడు ఆ మెట్టు దాకా వచ్చేశాడు. ఆ గంటలో అనుకున్న సిలబస్ సగమే అయింది.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఫిలాసఫీ లేదు. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లడిగే ఫైలు, అటెండెన్స్ షార్టేజీ జాబితా, ఎవరిదో ప్రమోషన్‌కి పాయింట్ల లెక్క. ఈ పని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు గానీ, ఏ వారం చూసినా ఇది ఉంటుందని మీ అమ్మాయికి చెప్పండి.

మధ్యాహ్నం వేరే డిపార్ట్‌మెంట్ పిల్లలకి ఎథిక్స్ క్లాసు. అరవై మంది, సగం ఫోన్లు బెంచీ కిందే. చెప్పాల్సింది జర్మన్ తత్వవేత్త కాంట్. 1785లో ఆయన రాసిన పుస్తకంలో ఒక కొట్టువాడి ఉదాహరణ ఉంది. బేరం తెలియని చిన్నపిల్లవాడొచ్చినా అందరికీ ఇచ్చే ధరకే ఇస్తాడు. మోసం చేస్తే పేరు పోతుందని ఇచ్చాడా, మోసం చెయ్యకూడదని ఇచ్చాడా? సరుకూ ధరా రెండు సందర్భాల్లోనూ ఒకటే. కాంట్ మాత్రం రెండో దానికే నీతి అని పేరు పెడతాడు. కొట్టు నడిపే మీరు దీని గురించి నాకంటే బాగా వాదించగలరు. ఆ క్లాసులో "లాభం వస్తే తప్పేంటి సార్" అని ఒక అమ్మాయి పట్టుకుని వదల్లేదట. గంట అయ్యాక కారిడార్లో ఇంకో పావుగంట.

మూడున్నరకి పీహెచ్‌డీ విద్యార్థి తన చాప్టర్ మూడోసారి తిరగరాసి తెచ్చాడు. నాలుగు పేజీలు చూడ్డానికి గంటన్నర. ప్రతి పేరాలోనూ "ఇక్కడ 'కాబట్టి' అన్నావు, దేన్నిబట్టి?" అని అడగడమే పని. సాయంత్రం ఇంటికెళ్లి నలభై ఇంటర్నల్ పేపర్లు దిద్దాడు. పన్నెండింటిలో ఒకే గైడ్ వాక్యాలు, కామాతో సహా. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత తన చదువు. ఆరు పేజీలు చదివేసరికి కళ్లు మూతపడ్డాయి. "నిన్న మొత్తం మీద నేను నిజంగా ఆలోచించింది ఇరవై నిమిషాలుంటుందేమో" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు, లెక్క చెప్పినట్టే చెప్పాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. బౌద్ధంలో దుఃఖం గురించి పాఠం చెప్పిన ఒక రోజు, ఈ మధ్యే తల్లి పోయిన పిల్ల క్లాసులో ఉందట. ఆయనకు తెలీదు. బోర్డు మీద నాలుగు ఆర్యసత్యాలకు నంబర్లేసి హుషారుగా చెప్పుకుపోయాడు. క్లాసయ్యాక ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుండిపోయింది. ఏం మాట్లాడాలో తెలియక క్యాంటీన్‌కి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. అప్పట్నుంచి ఆ పాఠానికి ముందు ఒకసారి అందరి ముఖాలూ చూస్తాడట.

ఇక నా సంగతి. నేనెందుకు మానేశానో మీకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను. నేను పని చేసినచోట గంటల లెక్కన ఇచ్చేవాళ్లు, వేసవి సెలవుల్లో పైసా వచ్చేది కాదు, బిల్లు పాసవ్వడానికి నెలలు పట్టేది. చాలా ఏళ్లు అందరితో 'డబ్బు చాలక మానేశాను' అనే చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, నాకు ఫిలాసఫీ చదవడం ఇష్టం, చెప్పడం ఇష్టం లేదు. అదే విషయాన్ని నాలుగోసారి, అర్థంకాని పిల్లవాడికి, ఇంకో ఉదాహరణతో చెప్పమంటే ప్రాణం విసిగేది. మా వాడికి ఆ నాలుగోసారే పండగ. మీ అమ్మాయి విషయంలో నేను తెలుసుకోమనేది ఇదొక్కటే. ఆమెకు ఫిలాసఫీ ఇష్టమని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. చెప్పడం ఇష్టమేనా? తమ్ముడికో పక్కింటి పిల్లకో లెక్కలు చెప్పేటప్పుడు వాళ్లు తప్పు చేస్తే చిరాకుపడుతుందా, ఆ తప్పు ఎలా వచ్చిందా అని ఆరా తీస్తుందా? ఈ విషయం నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

డబ్బు. పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్కేలులో మొదటి బేసిక్ 57,700 రూపాయలు, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. కొట్టు లెక్కలో ఇది తక్కువేం కాదు. చిక్కు అక్కడికి చేరేదాకా ఉన్న దారిలో ఉంది. ఎంఏ రెండేళ్లు, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఐదారేళ్లు. ముప్పై దగ్గరపడ్డాక గానీ ఇంటర్వ్యూ గది దాకా వెళ్లరు. రాష్ట్ర యూనివర్సిటీల్లో నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో ఫిలాసఫీ ఉన్న డిగ్రీ కాలేజీలు కూడా తక్కువే. మీ చుట్టాలు భయపడితే దీనికి భయపడాలి, సన్యాసానికి కాదు.

ఈ మధ్యకాలాన్ని దాటించేది జేఆర్‌ఎఫ్, అంటే నెట్ పరీక్షలో మంచి మార్కులొచ్చినవాళ్లకి పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకీ ఇదే పరీక్ష. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లలో జరుగుతుంది. రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. దీనికి వయసు పరిమితి ఉంది గానీ ఆడపిల్లలకి ఐదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే వయసు పరిమితే లేదు. అన్నట్టు, ఏ సబ్జెక్టు వాళ్లయినా రాయాల్సిన మొదటి పేపర్లో ఇందాక చెప్పిన అనుమానమూ, దానితో పాటు ప్రమాణాలూ (నిజాన్ని తెలుసుకునే మార్గాలు), వ్యాప్తీ ('పొగ ఉన్నచోటల్లా నిప్పు' లాంటి నియమం) ఉన్నాయి. కామర్స్ వాళ్లు కంగారుగా బట్టీపట్టేది మీ అమ్మాయికి క్లాసు పాఠం. నెట్‌తో పాటు ఆంధ్రాలో ఏపీసెట్, తెలంగాణలో సెట్ అనే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు కూడా ఉన్నాయి.

ఎక్కడ చదవాలి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తులు డిసెంబర్, జనవరి ప్రాంతంలో మొదలవుతాయి, కాబట్టి నిద్రపోవద్దు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ), హైదరాబాద్‌లో ఉస్మానియా ఉన్నాయి. ఢిల్లీ వెళ్తేనే చదువు అని ఆమె పట్టుబడితే అన్నంభట్టు పేరు మీదున్న పాత సామెత చెప్పండి. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః." కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు. బీఎస్సీ అడ్డం కాదు. చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు. సైన్స్ నుంచి వచ్చినవాళ్లకి తర్కం తొందరగా పట్టుబడుతుంది కూడా.

ఇంగ్లీషు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. చదవాల్సినవి చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి, అవీ చిక్కు వాక్యాలు. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది ఇక్కడే డీలాపడతారు. అలాగని తెలుగు వదిలేస్తే క్లాసులో ఉదాహరణ దొరకదు. మీరు గుంటూరు ప్యాసింజర్ ఎక్కితే దారిలో సంగం జాగర్లమూడి వస్తుంది కదా, ఆ ఊళ్లో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పారు, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశారు. ఎస్వీయూ వైస్ చాన్స్‌లర్‌గా, యూజీసీ వైస్ చైర్మన్‌గా చేశారు, పద్మవిభూషణ్ అందుకున్నారు. చుట్టాలకి రాధాకృష్ణన్ గారి పేరు చెప్పబోతారేమో, వద్దు. రాష్ట్రపతి అయిన మాస్టారిని చూపించి ఉద్యోగానికి పంపితే పిల్ల మీద అనవసరమైన బరువు. అయినా ఆయన ఈ సబ్జెక్టులోకి వచ్చింది, చదువు పూర్తయిన బంధువొకరు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చేయడంతోనట. ఇంట్లో డబ్బుకి ఇబ్బందిగా ఉన్న రోజులవి.

ఒక ఒప్పందానికి రండి. ఎంఏ చెయ్యనివ్వండి. రెండో ఏడాది నుంచి నెట్ రాయాలి. ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్లు వచ్చేలోపు జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ, లేకపోతే ఇద్దరూ మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి. అప్పటికి ఆమె చేతిలో ఏమీ ఉండదని అనుకోకండి. సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ రెండు పేపర్లకి 500 మార్కులు, ఎథిక్స్ పేపర్ 250 వేరే. ఐఐటీల్లో హ్యుమానిటీస్ విభాగాలున్నాయి. శ్రీసిటీలో క్రియా, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లోనూ ఫిలాసఫీ చెప్పేవాళ్లు కావాలి. పెళ్లి గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ఫారం నింపే ముందు ఒక పని చెయ్యండి. ఏదైనా యూనివర్సిటీలో ఫిలాసఫీ హెచ్‌ఓడీని అడిగి, ఒక క్లాసులో అమ్మాయితో పాటు మీరూ వెనక బెంచీలో కూర్చోండి. మా వాడిని అడిగాను, రమ్మన్నాడు. ఎడిటర్ గారికి రాస్తే ఆయన నంబరు పంపిస్తాను. వచ్చే బుధవారం తొమ్మిదిన్నరకి అనుమానం పాఠం రెండో భాగం ఉందట. గ్యాస్ పొయ్యి కుర్రాడు ఈసారి ఇంకేదో అడుగుతాడని చూస్తున్నాడు.