‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఏమిటి? ఆఫీసులో ఎప్పుడు వాడాలి?

మేనేజరు ‘బాల్‌పార్క్ ఫిగర్ చెప్పు’ అన్నారంటే ఉజ్జాయింపుగా ఎంతవుతుందో చెప్పమని. పైసాతో సహా లెక్క అక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, హైదరాబాదులో, అమెరికా క్లయింటుతో కాల్‌లో ఈ మాట మొదటిసారి విన్నాను. ఒక మార్పు చేయడానికి ఎన్నాళ్లు పడుతుందో బాల్‌పార్క్ చెప్పమన్నారు. నాకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటం. ‘పది రోజులు’ అనేశాను. వాళ్లు ఆ పదినే గడువుగా రాసుకున్నారు. టెస్టింగు సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు. పని ముగిసేసరికి మూడు వారాలు దాటింది. అన్నాళ్లూ పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మా టీమ్ లీడ్ గారు కూర్చోబెట్టి చెప్పారు: ‘బాల్‌పార్క్ అడిగితే ఒక్క అంకె చెప్పకమ్మా. ఇంత నుంచి ఇంత అను. అందులో ఏం కలపలేదో కూడా చెప్పు.’

అమెరికాలో బేస్‌బాల్ మైదానాన్ని బాల్‌పార్క్ అంటారు. మన అంకె ఆ మైదానంలో ఎక్కడ పడినా ఫరవాలేదు, బయట మాత్రం పడకూడదు. అయితే ఆ మైదానాలన్నీ ఒకే కొలతలో ఉండవు. అక్కడి అగ్రశ్రేణి పోటీ మేజర్ లీగ్‌లో మైదానం ఏదైనా బేసుకూ బేసుకూ (పరుగు తీసేవాళ్లు చేరాల్సిన గుర్తులు) మధ్య 90 అడుగులే, కానీ బ్యాటరు నిలబడే చోటు నుంచి బయటి గోడ దూరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో ఎడమ చివర గోడ 310 అడుగుల్లోనే వచ్చేస్తుంది, అన్నిటికంటే దూరపు మూల 420 అడుగులు. ఉజ్జాయింపూ అంతే. రెండు రోజుల పనికి ఒక పూట అటూ ఇటూ అవ్వచ్చు, ఏడాది పనికి రెండు నెలలు కూడా అవ్వచ్చు.

దీన్ని కాకి లెక్క అనుకోకండి, చాలామంది అక్కడే పొరబడతారు. మేస్త్రి స్థలం చూసి, గదులెన్నో అడిగి, ‘ఇరవై నుంచి పాతిక లక్షలు అవుతుందండీ’ అంటే అది బాల్‌పార్క్. ఏమీ చూడకుండా నోటికొచ్చింది చెబితే కాకి లెక్క.

‘నాట్ ఈవెన్ ఇన్ ది బాల్‌పార్క్’ అంటే దరిదాపుల్లో కూడా లేదని. ‘అవుట్ ఆఫ్ ది పార్క్’ కొట్టావంటే మాత్రం మెచ్చుకోలు, మన సిక్సర్ లాగా. బిల్లులోనూ కాంట్రాక్టులోనూ బాల్‌పార్క్ పనికిరాదు, అక్కడ కచ్చితమైన అంకె కావాలి.

ఇప్పుడు నన్నడిగితే ఇలా చెబుతాను: ‘నా బాల్‌పార్క్ రెండు నుంచి మూడు వారాలండీ, టెస్టింగు కలపకుండా. కచ్చితమైన తేదీ శుక్రవారం చెబుతాను.’