అమెరికా పల్లెల్లోని పాత ఒంటిగది బడుల్లో ఒక గోడకే అన్ని కిటికీలు ఎందుకు?

అప్పట్లో కరెంటు లేదు, పగటి వెలుతురుతోనే చదువు సాగాలి. మొదట్లో రెండు పక్కలా కిటికీలు పెట్టేవారు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలన్న వాదన బలపడింది: కుడిచేత్తో రాసేవాళ్లకు చేతి నీడ అక్షరాల మీద పడదు. దాంతో చాలాచోట్ల కుడివైపు కిటికీలు మూసేశారు. ఇటుక గోడను దగ్గరగా చూస్తే ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. నాకైతే భవనంలో అన్నిటికంటే విలువైన ఆనవాలు అదే.

కొన్ని బడులకు మగపిల్లలకో ద్వారం, ఆడపిల్లలకో ద్వారం ఉండేవి. వేడికి ఇనుప పొయ్యే దిక్కు.

ఇక స్థలం సంగతి. 1785 నాటి భూచట్టం పశ్చిమాన కొలిచిన ప్రతి టౌన్‌షిప్‌ను (సర్వేలో గీసిన చదరపు భూఖండం) 36 భాగాలు చేసి, వాటిలో 16వ నంబరు భాగాన్ని ప్రభుత్వ బడుల కోసం కేటాయించింది.